ఎవరిదీ కాని పిలుపు

పోయిన వారం ఎక్కడ వదిలామో మరిచిపోయినవాళ్ళ కోసం ఒక్కసారే చెబుతాను, చెవి పెట్టండి.

మా రేడియో నాటకంలో ఒక దొంగపెద్దమనిషి ఉన్నాడు. ఊరి అడివిని దుంగల కంపెనీకి చాటుగా రాసిచ్చేవాడు. వాడికి మేం పేరు పెట్టలేదు. పెడితే ఆ పేరున్న ప్రతివాడూ కత్తి పట్టుకుని రేడియో స్టేషను మెట్లెక్కుతాడు. అందుకని వాణ్ణి చప్పుడుతోనే నడిపించాం. వాడు వస్తున్నాడంటే ముందు గరాముట్ మోగుతుంది, మొద్దు తొలిచి చేసే మా డోలు. మా మానుస్ దీవిలో ప్రతి మగాడికీ ఆ డోలు మీద తన పిలుపు తనకుంటుంది. ఆ దెబ్బలు వినపడితే చేపలవేట మధ్యలో ఉన్నా పడవ తిప్పుకొస్తాడు. దొంగకి మాత్రం ఎవరిదీ కాని పిలుపు కట్టానన్నాడు మా పొసాంగ్ బావ. నాటకంలో చప్పుళ్ళన్నీ ఆయనవే. అన్నాడు, నమ్మాను.

పోయిన గురువారం నేను స్టేషనులో లేను. అడివి గొడవ మీద సభ పెట్టి, దూరపు ఊళ్ళో ఒకరింట్లో నలుగురి మధ్య కూచుని ట్రాన్సిస్టర్ వింటున్నాను. దొంగ పిలుపు మోగింది. దాని వెనకే, సన్నగా, దూరంగా, ఇంకో పిలుపు. ఇంట్లో చేతులన్నీ ఆగిపోయాయి. చేపముక్క నోట్లో పెట్టుకున్నవాడు నమలడం మానేశాడు. ఆ రెండోది మా మేనమామ కిసొకావ్‌ది. ఒక్క చెట్టు మీద కూడా కంపెనీ రంపం పడనివ్వనని దీవంతా తిరిగి జనాన్ని నిద్ర లేపిన మనిషిది.

దొంగ పిలిచాడు, కిసొకావ్ పలికాడు. దీవి విన్నది అది.

రెండ్రోజుల తర్వాత, నేను తిరిగొస్తున్న పడవ రేవుకి తగలకముందే స్టేషను ముంగిట్లో జనం కనిపించారు. అవతలి ఒడ్డున ఉన్న మా మామ ఊరు పెలిద్రాన్ మగాళ్ళు. నలుగురో పదిమందో అయితే తిట్టిపోవడానికొచ్చారు అనుకునేదాన్ని. ఊళ్ళో మగాళ్ళందరూ ఉన్నారు. మంచం దిగలేని ముసలి పొకనావ్‌ని కూడా కుర్చీలో కూచోబెట్టి మోసుకొచ్చారు.  అంతమంది వచ్చేది ఒక్క పనికే. పిలుపు పాతడానికి.

మా దగ్గర మనిషి చచ్చిపోతే వాడి పిలుపు పాతేస్తారు, ఇక ఎవడూ దాన్ని డోలు మీద కొట్టడు. బతికున్నవాడి పిలుపు పాతారంటే వాడు తిరుగుతున్నా శవమే. వాడికి వలలో వాటా ఉండదు, పొయ్యిలోకి నిప్పు ఇవ్వరు, నిజంగా చచ్చాక ఏడవరు. ఆ తీర్పుకి ఊళ్ళో మగ చెయ్యి ఒక్కటి కూడా ఇంట్లో మిగలకూడదు. అందుకే ముసలాణ్ణి మోసుకొచ్చారు.

పాతబోయేది మా బావ పిలుపు. పాతమంటున్నది ఆయన కన్నతండ్రి, మా మామే.

వసారా బల్ల మీద కూచున్నాడు మామ. ఒళ్ళో సున్నపుబుర్ర. నోట్లో వక్క ఎర్రగా.

"వచ్చావా కోడలా. నీ సభ బాగా జరిగిందా?"

"సభ సంగతి ఆనక మావా. ఇదంతా ఏంటి?"

"నన్నడుగుతావేం? నాటకం నీది. డోలు నీది. బావ నీవాడు." సున్నం తీసే పుల్ల బుర్రలోకి దించాడు. "నేను ఊరూరూ తిరిగి కంపెనీ వద్దు అంటుంటే, నా కొడుకు నా పేరు తీసుకెళ్ళి దొంగ పక్కన కూచోబెట్టాడు. నిన్న రెండు ఊళ్ళవాళ్ళు నా మొహం మీదే తలుపేశారు. ఇంక నేను నోరు తెరిస్తే వినేదెవడు? అడివి రాసిచ్చే సంతకాలు పెట్టేవాళ్ళు పెట్టేస్తారు. కంపెనీ వాడు వెయ్యి రంపాలతో చెయ్యలేనిది వీడు రెండు కర్రలతో చేశాడు."

"రేడియోలో కూచుని పిల్లికూతలు కూసేవాడికి పిలుపెందుకయ్యా అసలు!" ముసలి పొకనావ్ కుర్చీలోంచి అరిచాడు. "కోడికి తోక, వీడికి పిలుపు!"

స్టేషను మేనేజరు అలూక్ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. చెమటకి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఈయనకెందుకింత చెమట? పిలుపు పాతేది ఈయనది కాదే.

"నియా, చెప్పింది విను తల్లీ. నాటకం ఆపేద్దాం. పాటలు వేసుకుందాం. పాటలకి ఎవడూ ఊరు కట్టుకుని రాడు."

"పాటలు వేస్తే కంపెనీవాడొచ్చి తాళం కూడా వేస్తాడు. జరుగు."

లోపలికెళ్తుంటే మామ వెనకనుంచి అన్నాడు, గొంతు పెంచకుండా. "పొద్దు ఆ గోదాము కప్పు మీదికి దిగేలోపు నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకురా వాణ్ణి. ఆలస్యమైతే మేమే లోపలికొస్తాం."

బావ రికార్డింగు గదిలో నేల మీద కూచునున్నాడు, తన చప్పుళ్ళ మధ్య. వాన కురిపించే ఎండు సాగో ఆకులు, తెడ్డు ముంచే నీళ్ళతొట్టి, చెట్టు కూలినప్పుడు ఎత్తి పడేసే కొబ్బరి బస్తా, కంపెనీవాడి జోళ్ళు. జోళ్ళు ఒక జతే. మా నాటకంలో అందరూ వట్టికాళ్ళ వాళ్ళే. చెక్క మీద టకటకమన్నదంటే చాలు, వచ్చింది మనవాడు కాడని కళ్ళులేని ముసలమ్మకి కూడా తెలుస్తుంది. మాట అబద్ధమాడుతుందే, అడుగు ఆడదు అనేవాడు బావ. ఆ ముక్క పట్టుకునే మేం ఇన్ని వారాలు నాటకం నడిపాం.

నేను తలుపు మూసి నిలబడ్డాను. చూస్తాడు, ఏదో ఒకటి అంటాడు అనుకున్నాను. మరదలు ఎదురుపడితే వెక్కిరించడం మా దగ్గర బావకి హక్కు, వెక్కిరించకపోతే అది అవమానం. వరద వచ్చినా, చావు వచ్చినా మానడు మా బావ. మా అమ్మని పూడ్చిన రోజు కూడా, "ఏడవకే, నీ మొహం మామూలుగానే ఉడికిన పీతలా ఉంటుంది" అని నన్ను నవ్వించి మళ్ళీ ఏడిపించిన మనిషి.

ఏమీ అనలేదు.

అప్పుడు పుట్టింది నాకు అనుమానం. ముంగిట్లో జనాన్ని చూసినప్పుడు కాదు. ఈ మౌనం విన్నప్పుడు.

"ఏం బావా, గొంతులో ముల్లు దిగిందా?"

"నేనే కొట్టాను," అన్నాడు.

"ఏది?"

"రెండూ. దొంగదీ, నాన్నదీ. పోయి చెప్పు. పాతుకోమను."

"ఎందుకు కొట్టావ్?"

"కోపమొచ్చి."

"మామ మీద నీకేం కోపం?"

"తండ్రీకొడుకులకి సవాలక్ష ఉంటాయి."

నా కళ్ళు ఆయన మణికట్టు మీద పడ్డాయి. కొత్త వాచీ. గది తలుపు మూస్తే చీమ నడిచినా వినిపిస్తుంది, అలా కట్టిన గది. వాచీ టిక్కు టిక్కుమంటోంది. చప్పుళ్ళతో బతికేవాడు మైకు దగ్గర వాచీ పెట్టుకోడు. ఇంతకుముందు ఎప్పుడూ పెట్టుకోలేదు.

"అదెక్కడిది?"

"ఇంటి దగ్గర్నించి వచ్చింది. నాన్న పంపాడు."

"నాన్నకెక్కడిది?"

టిక్కు. టిక్కు. 

"కంపెనీ పడవ ఎక్కావా బావా? నిజం చెప్పు. చల్లటి బీరు పోశారా? మామ పేరు ఒక్కసారి దొంగ పిలుపు పక్కన కొడితే చాలు, మిగతాది దీవే చూసుకుంటుందన్నారా? ఈ దీవిలో మనుషుల్ని కొనడం చేపని కొన్నదానికన్నా తేలికని నాకు తెలుసు. నువ్వూ అంతేనా?"

"అంతే అనుకో."

"అనుకోను. టేపు పెట్టు."

"వద్దు."

"పెట్టు!"

పెట్టలేదు. నేనే పెట్టాను.

ట్రాన్సిస్టర్‌లో విన్నదానికీ గదిలో పెద్ద స్పీకరులో విన్నదానికీ, ఎండుచేపకీ ఈదే చేపకీ ఉన్నంత తేడా. ముందు దొంగ పిలుపు. మా స్టేషను డోలుకి పెదవి పగిలింది. ఎవరు కొట్టినా దెబ్బ చివర ఈగ ముసిరినట్టు జుమ్మంటుంది. జుమ్మంది. ఆగింది. తర్వాత కాసేపు గాలి, అలలు. అప్పుడు రెండో పిలుపు. జుమ్మనలేదు. లోతుగా, నిండుగా, తడిసిన గొంతులా వచ్చింది, నీళ్ళ మీదుగా.

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. అక్కర్లేదు, మొదటిసారే తెలిసింది. ఆ డోలు నాకు తెలుసు. పెలిద్రాన్‌లో ఊరికి ఎడంగా, కొండముక్కు చివర మా మామ ఇల్లు. చిన్నప్పుడు సగం రోజులు అక్కడే పడుకునేదాన్ని. పొద్దున్నే అత్త గలిప్ కాయలు రాతి మీద పగలగొట్టే చప్పుడుకి మెలకువ వచ్చేది. అత్త రాయి కూడా మామ కర్రల వరసలోనే పడేది. ఆ ఇంట్లో చేతులన్నీ ఒకే పాట నేర్చుకున్నాయి అని మా అమ్మ నవ్వేది. ఆ ఇంటి వసారాలో ఉండే డోలు ఇది. మామ డోలు.

"ఇది నువ్వు కొట్టింది కాదు. ఇక్కడ కొట్టింది కాదు."

బావ సాగో ఆకులు సర్దుతున్నాడు.

"మన డోలు ఈ గదిలో కదా ఉండాలి? టేపులో అలలెందుకు వినపడుతున్నాయి?"

"గదిలో కొడితే గొంతు పిసికినట్టుంటుందని... వసారాలోకి మోయించాను."

"ఏ వసారా?"

"సముద్రం వైపుది."

"టేపు చేసిన సాయంత్రం గాలి ఎటుంది బావా?"

"పెలిద్రాన్ వైపు," అన్నాడు.

అప్పుడే వసారా వైపు కిటికీ సందులోంచి వచ్చింది ఆ చప్పుడు. మామ పుల్ల బుర్రలో నిదానంగా గీరుకుంటూ తిరిగింది, కిర్ర్ర్... పైకి వచ్చి పంటికి తగిలింది, టక్. మళ్ళీ. కిర్ర్ర్... టక్.

 మా నాటకంలో దొంగ ఎవణ్ణయినా మోసం చేసే ముందు సున్నం వేసుకుంటాడు. ఆశపోతువాడు సున్నం ఎలా తీస్తాడో అలా తియ్యి బావా, అన్నాను నేను మొదటివారం. ఆయన తీశాడు. నిదానంగా గీరి, పంటికి తాకించి. భలే ఉంది అన్నాను. ఇన్ని వారాలు దీవిలో ఆ చప్పుడు వింటే పిల్లలు కూడా ఉమ్మేసేవాళ్ళు.

"ఇదీ ఎవరిదీ కాదా?" అన్నాను, కిటికీ వైపు చూపించి.

మా బావ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"ఆ పిలుపు నేను కట్టలేదే. విన్నాను. మడ అడివి పక్క వల వేసుకుంటుంటే, సాయంకాలాలు, లోపల్నుంచి మోగేది. దీవిలో నాకు తెలియని పిలుపు లేదు. ఇది తెలియలేదు. అదిగో అని వింటుంటే అవతలి ఒడ్డున మా ఇంటి డోలు పలికింది. నాన్న పిలుపుతో. ఒకసారి కాదు. ఆ తర్వాత కంపెనీ పడవ మడలోంచి దీపం లేకుండా బయటికొచ్చేది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నీకు దేవుడు కదా ఆయన. కన్నవాణ్ణి దొంగ అని నోటితో అంటే నాలుక కుళ్ళుతుంది. అందుకని నోటితో అనలేదు. నాటకంలో పెట్టాను. ఆయన పిలుపు ముట్టుకోలేదు, పిలిచేవాడి పిలుపొక్కటే కొట్టాను. వింటాడు, తెలిసిపోయిందని సిగ్గుపడి మానుకుంటాడనుకున్నాను."

"పలికాడు."

"పలక్కపోతే బాగుండుననుకుంటూ కొట్టానే. పలికాడు."

"టేపులోంచి అది కోసేయొచ్చుగా!"

"కత్తెర పట్టుకున్నాను. చెయ్యి రాలేదు."

"మరి ఇప్పుడు తప్పు నీ నెత్తిన ఎందుకేసుకుంటున్నావ్?"

"నా పిలుపు పాతితే ఏం పోతుంది? నాటకంలో వాన కురిపించేవాడు పోతాడు. ఆయనది పాతితే అడివికి నోరు పోతుంది. దొంగ నోరైనా, ఇన్నాళ్ళూ చెట్లని కాపాడింది ఆ నోరే."

ఈ ముక్క వింటే నాకు ఒళ్ళు మండింది. మా జనం పాడయ్యేది ఇక్కడే. పెద్దవాడి పేరు నిలబడాలంటే చిన్నవాడు శవమవ్వాలి, అదే ధర్మం! బయట కూచుని సున్నం నాకుతున్నాడు, కొడుకుని పాతమని ఊరినేసుకొచ్చి!

"నువ్వు కళ్ళారా చూశావా, మామ కొడుతుంటే?"

"విన్నాను."

"చూశావా అంటున్నా."

"ఆ చెయ్యి నాకు తెలీదా? ఆ చేతి దగ్గరే కదే నేర్చుకున్నాను."

అంతటితో నేనూ ఆగిపోయాను. ఆగకుండా ఇంకొక్క మాట అడిగుంటే బాగుండేది.

టేపు చుట్ట పట్టుకుని లేచాను. సంత జనం వినడానికి స్టేషను బయట స్తంభానికి పెద్ద లౌడుస్పీకరు కట్టి ఉంటుంది. దానికి కలిపాను. ఆడది డోలు కర్ర పట్టకూడదని మా పెద్దలు శాసనం చేశారు. బటను నొక్కకూడదని ఎవడూ చెయ్యలేదు.

"ఏం వినిపిస్తావ్?" అన్నాడు బావ.

"దొంగ పిలుపు. అందరి ముందూ మోగిస్తా. ఆయన చెయ్యి ఊరుకుంటుందేమో చూద్దాం."

"ఊరుకుంటుంది. అంత పిచ్చివాడనుకున్నావా?" నేల మీంచి లేచాడు. "పిలుపు వద్దు. జవాబు వెయ్యి. జవాబు వినిపిస్తే పిలిచేవాడు మళ్ళీ పిలుస్తాడు. మడలో ఉన్నదెవడో ఊరంతా వింటుంది." అప్పుడు, ఇంత సేపటికి, ఆయన పెదవి ఒక పక్కకి వంగింది. "ఈ మాత్రం తట్టలేదా? తలకాయ నిండా సాగో పిండే."

"నీ తలలో అదీ లేదు, పురుగు తినేసింది," అన్నాను. 

తలుపు తీసి బయటికొచ్చాం. పొద్దు గోదాము కప్పుకి బెత్తెడు ఎత్తులో ఉంది. బావని చూడగానే జనం లేచి నిలబడ్డారు. ఒకడు అప్పుడే డోలు కర్రలు చేతిలోకి తీసుకున్నాడు. చివరిసారి కొట్టి విరిచెయ్యడానికి.

నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి బటను నొక్కాను.

మామ పిలుపు లౌడుస్పీకరులోంచి నీళ్ళ మీదికి వెళ్ళింది. ముంగిలి భగ్గుమంది.

"మళ్ళీనా! సిగ్గులేదా దీనికి!" పొకనావ్ కుర్చీ మీద చరిచాడు. "ఆపండ్రా దాన్ని!"

ఆపేశాను. చుట్ట ఊడదీసి చెయ్యెత్తి అందరికీ చూపించాను. నా కళ్ళు మాత్రం మామ చేతి మీదే ఉన్నాయి. కిర్ర్ర్... టక్. చెక్కు చెదరలేదు. నా వైపు జాలిగా చూశాడు.

"అయిందా కోడలా, నీ ఆట?"

మడ అడివి వైపు నుంచి డోలు మోగింది.

దొంగ పిలుపు. దీవిలో చంటిపిల్లలకి కూడా తెలిసిన పిలుపు. తడబడకుండా, అలవాటుగా, ఒకడు దగ్గరివాణ్ణి పిలిచినట్టు.

"నేను కాదు! నేను కాదు! నేను ప్లగ్గు కూడా పీకేశాను!" అలూక్ రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్నాడు. ఎవరూ ఆయన్ని చూడలేదు. అందరూ మడ వైపు తిరిగారు. కర్రలు పట్టుకున్నవాడి చేతిలోంచి ఒక కర్ర జారి పడింది.

నేను మామ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. చిన్నప్పుడు నన్ను భుజాన మోసిన మనిషి. నన్ను మొదటిసారి మైకు ముందు నిలబడి మాట్లాడమన్న మనిషి.

"పలుకు మావా," అన్నాను. "నిన్నే పిలుస్తున్నారు."

ఆయన మొహంలో దొంగతనం వెతికాను. భయం వెతికాను. రెండూ దొరకలేదు. తనకి తెలియని భాష విన్నవాడిలా నోరు కొద్దిగా తెరిచి మడ వైపు చూస్తున్నాడు. ఆ మొహం నాటకంలో మొహం కాదు, నాకు ఆ తేడా తెలుసు. 

అవతలి ఒడ్డు పలికింది.

లోతుగా, నిండుగా, తడిసిన గొంతుతో, కొండముక్కు చివరి ఇంట్లోంచి. మా మామ డోలు. మా మామ పిలుపు. మా మామ చెయ్యి వరస. మామ నా ఎదురుగా బల్ల మీద కూచుని ఉండగా.

సున్నపుబుర్ర ఆయన ఒళ్ళోంచి దొర్లి పగిలింది. పాదాల మీద తెల్లగా సున్నం. 

ముసలి పొకనావ్ కుర్చీలోంచి ముందుకి వంగి, ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చాడు. చివరిదాకా చూశాడు. అరుపు పోయి గొంతు పీలగా వచ్చింది.

"మగాళ్ళమంతా ఇక్కడే ఉన్నాం కదర్రా. మరక్కడ కర్ర పట్టిందెవరు?"

 నీళ్ళ మీదుగా దెబ్బలు వస్తూనే ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి, తీరిగ్గా, అత్త రాతి మీద గలిప్ కాయలు పగలగొట్టినట్టు.